కంప్యూటరు చదువు: పునాది నుంచా, పైకప్పు నుంచా?

(బి.ఎస్సి. తృతీయ సంవత్సరం విద్యార్థి)

పోయిన వేసవి సెలవుల్లో మా వూళ్లో ఒక రూపాయి పోయింది. అది పోవటానికి కారకుణ్ణి నేనే. ఒక్క రూపాయికి సంచికలో ఇన్ని పేజీలు దేనికని మిత్రులు నవ్వవచ్చు. కాని ఆ రూపాయి వెంటపడి వెళ్లగా, మన అధ్యాపకులూ విద్యార్థులూ తరచు వాదించుకునే ఒక ప్రశ్న దగ్గరికి చేరాను. కంప్యూటరు విద్యను అడుగునుంచి, అంటే ఒకట్లు, సున్నాలు, యంత్రం లోపలి పనితీరు నుంచి మొదలుపెట్టాలా? లేక పైనుంచి, అంటే మనిషికి వెంటనే పనికొచ్చే ప్రోగ్రాముల నుంచి మొదలుపెట్టాలా?

ముందు రూపాయి సంగతి చెబుతాను.

మాది వ్యవసాయ కుటుంబం. మా పెదనాన్నగారి అబ్బాయి వూళ్లో పాలకేంద్రం నడుపుతాడు. రెండు పూటలా పాలు పోయించుకోవటం, వెన్నశాతం చూసి పట్టీ ప్రకారం సొమ్ము రాసుకోవటం, పదిహేను రోజులకోసారి లెక్క తేల్చి డబ్బులివ్వటం ఆయన పని. లెక్కలన్నీ పుస్తకంలోనే. "కాలేజీలో కంప్యూటరు చదువుతున్నావుగా, ఈ లెక్కేదో దాన్లో పెట్టిపెట్టరా" అన్నాడు అన్నయ్య. నాకూ ఉత్సాహం వచ్చింది. నాలుగు రోజులు కూర్చుని పైథాన్ భాషలో ప్రోగ్రాము రాశాను. ఏ పూట ఎవరికెంత వచ్చిందో రూపాయల్లో కొడితే, దాన్ని నూరుతో హెచ్చవేసి పైసలు చేసి, పైసల తర్వాత ఏదైనా తోక మిగిలితే కోసేసి దాచుకుంటుంది. పదిహేనో రోజున అన్నీ కూడి, పైన మిగిలిన చిల్లర పైసలు వదిలేసి, రూపాయల్లో చీటీ ఇస్తుంది.

మొదటి పదిహేను రోజుల చీటీలు ఇచ్చిన సాయంత్రమే వీధి చివర ఇంటి మామ్మ వచ్చింది. ఆవిడకి ఒక గేదె. ఎనిమిదో తరగతి చదివే మనవరాలు ఏ పూటకాపూట నోటుపుస్తకంలో రాసిపెడుతుంది. వాళ్ల లెక్క ప్రకారం సరిగ్గా 1,012 రూపాయలు రావాలి. మా చీటీలో 1,011 వుంది.

"ఏం అబ్బాయ్, పాలల్లో నీళ్లు కలపొద్దని మాకు చెబుతావు. మీ పెట్టె లెక్కలో నీళ్లు కలిపిందేం?" అంది మామ్మ.

అక్కడ పదిమంది వున్నారు. అందరూ తమ చీటీలు తిప్పి చూసుకోవటం మొదలుపెట్టారు. అన్నయ్య జేబులోంచి రూపాయి తీసిచ్చి, మాట్లాడకుండా కంప్యూటరు మూసి, మళ్లీ పుస్తకం తెరిచాడు. పాలకేంద్రం నడిచేది నమ్మకం మీద. పదేళ్లుగా ఆ పుస్తకం మీద ఎవరూ వేలెత్తి చూపలేదు. నా ప్రోగ్రాము పదిహేను రోజుల్లో వేలెత్తి చూపించింది.

ఆ రాత్రి నిద్రపోలేదు. ప్రోగ్రాము వరుస వరుసా చదివాను. హెచ్చవేత సరిగ్గానే వుంది, కూడిక సరిగ్గానే వుంది. చివరికి మామ్మ సొమ్ములు ఒక్కొక్కటే విడివిడిగా కొట్టి చూశాను. ఒకచోట 64 రూపాయల 10 పైసలు వుంది. 64.10ని నూరుతో హెచ్చవేస్తే 6,410 పైసలు కదా! తెర మీద వచ్చింది ఇదీ: 6409.999999999999. నేను తోక కొయ్యమన్నాను గనక అది కోసింది. 6,409 మిగిలింది. ఒక పైసా పోయింది. ఇలాంటివి మామ్మ లెక్కలో మూడు దొరికాయి. 1,012 కాస్తా 1,011 రూపాయల 97 పైసలయింది. చిల్లర వదిలెయ్యమన్నాను గనక ఆ 97 పైసలూ వదిలేసింది.

తప్పు నేను రాసిన వరుసల్లో కాదు, వాటి అడుగున ఎక్కడో వుంది.

కుంచం, గిద్ద, కంప్యూటరు

మర్నాడు పొద్దున మామ్మ ఇంటికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. "మరి యంత్రం తప్పెలా చేసింది?" అని మనవరాలు అడిగింది. బల్ల మీద పలక లేదు గాని, మామ్మ ఇంట్లో పాత కొలతపాత్రలు వున్నాయి. వాటితోనే చెప్పాను. ఇక్కడా వాటితోనే చెబుతాను, ఎందుకంటే ఇంతకన్నా తేలిక దారి నాకు కనపడలేదు.

మన పెద్దవాళ్ల కొలతలు గుర్తుచేసుకోండి. కుంచంలో సగం అడ్డ. అడ్డలో సగం మానిక. మానికలో సగం తవ్వ. తవ్వలో సగం సోల. సోలలో సగం అరసోల. అరసోలలో సగం గిద్ద. అంటే కుంచంలో రెండో వంతు, నాలుగో వంతు, ఎనిమిదో వంతు, పదహారో వంతు, ముప్ఫైరెండో వంతు, అరవైనాలుగో వంతు. కంప్యూటరు భిన్నాలను దాచుకునే పద్ధతి అచ్చంగా ఇదే! ఒక్కొక్క పాత్రను ఒక్కసారి వాడొచ్చు, లేదా వదిలెయ్యొచ్చు. వాడితే 1, వదిలేస్తే 0. దీన్నే మనం తరగతిలో ద్విసంఖ్యామానం అని చదువుకున్నాం.

ఇప్పుడు ఒక పందెం. కుంచంలో సరిగ్గా పదో వంతు బియ్యం ఈ పాత్రలతో కొలవాలి. అడ్డ ఎక్కువ, మానిక ఎక్కువ, తవ్వ కూడా ఎక్కువే. సోల పడుతుంది. దాని మీద అరసోల కూడా పడుతుంది. అప్పటికి 32లో 3 వంతులు, అంటే 0.09375 అయింది. ఇంకా కొంచెం తక్కువ. గిద్ద పోస్తే ఎక్కువైపోతుంది. గిద్దలో సగం పోసినా ఎక్కువే. అందులో సగం పడుతుంది, ఆ సగంలో సగమూ పడుతుంది. ఆ తర్వాత రెండు వదలాలి, రెండు పట్టాలి, మళ్లీ రెండు వదలాలి, రెండు పట్టాలి. ఇక దానికి అంతం లేదు. మనం పదుల లెక్కలో మూడో వంతును 0.333 అంటూ రాసుకుంటూపోతే ఎలా తెగదో, సగాల లెక్కలో పదో వంతు అలాగే తెగదు.

"నూక గింజ దాకా వచ్చినా తెగదా?" అంది మామ్మ. తెగదు. కాని కంప్యూటరుకు ఎక్కడో ఒకచోట ఆపక తప్పదు. పైథాన్ మామూలుగా ఇలాంటి సంఖ్యకు 64 గడులు ఇస్తుంది. ఒకటి ధనమా ఋణమా అనే గుర్తుకు, 11 ఘాతానికి, 52 భిన్నభాగానికి. ఆ గడులు నిండగానే మిగతాది సవరించి వదిలేస్తుంది. అందువల్ల కొన్ని సంఖ్యలు వెంట్రుకవాసి ఎక్కువగా, కొన్ని వెంట్రుకవాసి తక్కువగా నిలుస్తాయి. 64.10 తక్కువగా నిలిచేది. నూరుతో హెచ్చవేసినా ఆ తరుగు పూడలేదు. దాని తోక కోస్తే పైసా పోతుంది మరి.

తమాషా ఏమిటంటే, 64 రూపాయల పావలా అయితే ఈ గొడవే లేదు. పావలా అంటే సగంలో సగం. మన దేశంలో 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసల పద్ధతి వచ్చింది. అంతకుముందు రూపాయికి 16 అణాలు. అర్ధ రూపాయి, పావలా, బేడ, అణా, అన్నీ సగాలే. ఆ లెక్కలు కంప్యూటరు గడుల్లో చక్కగా ఇమిడేవి. పదుల లెక్క మనిషి పదివేళ్లకు అనువుగా వుంది, యంత్రానికి కాదు.

చుక్కలు పెట్టి వదిలేసిన లెక్క

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. "చూశావా, అడుగు తెలియకుండా పైపైన నేర్చుకుంటే ఇంతే" అని మీలో కొందరు అనుకుంటూ వుండవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కాని నిజాయితీగా ఒక సంగతి ఒప్పుకోవాలి. అడుగు నాకు తెలియకపోలేదు. మొదటి సంవత్సరంలో సంఖ్యామానాల పాఠం చదివాను. దశాంశ భిన్నాన్ని ద్విసంఖ్యామానంలోకి మార్చే లెక్క పరీక్షలో చేశాను. రెండుతో హెచ్చవేసుకుంటూపోతే అంకెలు తిరిగి తిరిగి వస్తున్నాయి. నాలుగు చుక్కలు పెట్టి వదిలేశాను. పూర్తి మార్కులు వచ్చాయి. మామ్మ రూపాయి ఆ నాలుగు చుక్కల్లోనే వుందని నాకు అప్పుడు తట్టలేదు.

కాబట్టి రెండు పక్షాల వాదాలనూ కాస్త ఓపికగా చూడాలి.

పైనుంచి మొదలుపెట్టాలనే వారికి గట్టి చరిత్రే వుంది. అమెరికాలో డార్ట్‌మత్ కళాశాలకు చెందిన కెమెనీ, కర్ట్స్ అనే ఇద్దరు గణితాచార్యులు 1964లో బేసిక్ అనే భాషను తయారుచేశారు. సైన్సు చదవని విద్యార్థి కూడా కొద్ది గంటల్లో సొంత ప్రోగ్రాము రాయగలగాలన్నది వాళ్ల ఉద్దేశం. ఆ తర్వాత ఇంటింటికీ వచ్చిన చిన్న కంప్యూటర్లలో ఎంతోమందికి అక్షరాభ్యాసం బేసిక్‌తోనే జరిగింది. మన దేశంలో 1984లో పాఠశాలల కోసం మొదలైన క్లాస్ పథకంలో వచ్చిన బి.బి.సి. మైక్రో యంత్రాలు కూడా బేసిక్ మాట్లాడేవే. ముందు ఆసక్తి పుట్టాలి, చేతిలో ఏదో ఒకటి తయారవ్వాలి, అప్పుడే చదువు నిలుస్తుందన్న వాదంలో నిజం వుంది. మా తరగతిలో మొదటి నెలలోనే సి భాషలో పాయింటర్లు చెప్పేసరికి, ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివిన నా మిత్రులు కొందరు "ఇది మనకు కాదురా" అని మనసులోనే తలుపేసుకున్నారు. ఆ తలుపు మళ్లీ తెరవటం ఎంత కష్టమో పక్కన కూర్చున్న నాకు తెలుసు.

కాని పైన మొదలుపెట్టి పైనే ఆగిపోతే ఏమవుతుంది? మా అక్క మండల కేంద్రంలో మూడు నెలలు కంప్యూటరు నేర్చుకుంది. ఏ బొత్తాం నొక్కితే అక్షరం లావవుతుందో, ఏది నొక్కితే పట్టిక వస్తుందో వరుసగా రాసుకుంది. ఉద్యోగంలో చేరితే అక్కడ వేరే ప్యాకేజీ. బొత్తాలన్నీ వేరేచోట వున్నాయి. పదిరోజులు రోజూ ఏడ్చింది. ఆమెకు తెలివి లేక కాదు. ఆమెకు నేర్పింది బొత్తాల చోటు మాత్రమే, బొత్తాం చేసే పని కాదు. ఇది మన మండలాల సంగతే అనుకోకండి. ఇంగ్లండు పాఠశాలల్లో కంప్యూటరు విద్య ఎక్కువభాగం ఆఫీసు ప్యాకేజీలు వాడటం దగ్గరే ఆగిపోయిందని అక్కడి రాయల్ సొసైటీ 2012లో నివేదిక ఇచ్చింది. 2014 సెప్టెంబరు నుంచి అక్కడ పాఠ్యప్రణాళికనే మార్చి, చిన్న తరగతుల నుంచే ప్రోగ్రాము రాయటం, యంత్రం పనితీరు చేర్చారు.

అడుగునుంచి మొదలుపెట్టాలనే వారికీ పెద్ద పేర్లే వున్నాయి. డొనాల్డ్ నూత్ 1968లో వెలువరించిన తన ప్రఖ్యాత గ్రంథం మొదటి సంపుటంలో మిక్స్ అనే ఊహాయంత్రాన్ని కల్పించి, దాని యంత్రస్థాయి భాషలోనే ప్రోగ్రాములు రాసి చూపాడు. నిసాన్, షాకెన్ అనే ఇద్దరు ఆచార్యులు 2005లో తెచ్చిన పుస్తకంలో నాండ్ అనే ఒకే ఒక్క తర్కద్వారంతో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా కంప్యూటరును కట్టి, దాని మీద ఆట నడిచేదాకా విద్యార్థి చేతనే చేయిస్తారు. చదువుతుంటే ముచ్చటేస్తుంది.

అయితే మన దగ్గర అడుగుపాఠం అంటే చాలాసార్లు తర్కద్వారాల పట్టికలు బట్టీపట్టటమే. పునాది తవ్వుతాం, కొలతలు రాసుకుంటాం, పరీక్ష రాసి మట్టి పూడ్చేస్తాం. దాని మీద ఇల్లు కట్టం. రెండో ఏడు వేరేచోట, పునాదితో సంబంధం లేకుండా, పైకప్పు పాఠం మొదలవుతుంది. నాకు పునాది తెలుసు, పైకప్పు తెలుసు. రెంటినీ కలిపే మెట్లే ఎవరూ చూపలేదు, నేనూ వెతుక్కోలేదు.

ఆ మెట్లు లేకపోతే పోయేది రూపాయి మాత్రమే కాదు. 1991 ఫిబ్రవరి 25న, గల్ఫ్ యుద్ధంలో, సౌదీ అరేబియాలోని దహ్రాన్ దగ్గర ఇరాకీ స్కడ్ క్షిపణి అమెరికా సైనికుల బస మీద పడి 28 మంది చనిపోయారు. దాన్ని అడ్డుకోవలసిన పేట్రియట్ క్షిపణి వ్యవస్థ గురి చూడవలసిన చోట చూడలేదు. కారణం ఏమిటో తెలుసా? అదే పదో వంతు! ఆ వ్యవస్థ కాలాన్ని సెకనులో పదో వంతుల చొప్పున లెక్కపెట్టేది. ఆ పదో వంతును 24 గడుల్లో ఇమడ్చటంతో ప్రతిసారీ రవ్వంత తరుగు. వంద గంటలు ఆపకుండా నడిచేసరికి ఆ తరుగు మూడో వంతు సెకను, 0.34 సెకన్లయింది. ఆ వ్యవధిలో స్కడ్ అర కిలోమీటరు దాటి వెళ్లిపోతుంది. సరిచేసిన ప్రోగ్రాము దహ్రాన్‌కు చేరింది మర్నాడు. అది తయారుచేసినవారికి ద్విసంఖ్యామానం రాదని ఎవరనగలరు? అడుగున వున్న చిన్న తరుగు వంద గంటల తర్వాత పైన ఏమవుతుందన్న లంకెను సకాలంలో పట్టుకోలేకపోవటమే ప్రాణాలు తీసింది.

మా నాన్న మోటారు నేర్చుకున్న తీరు

నాన్న ఏడో తరగతి దాకా చదివాడు. మా బోరు మోటారు సంగతి ఆయనకు తెలిసినంతగా మా వీధిలో ఎవరికీ తెలియదు. ఆయన ముందుగా విద్యుచ్ఛక్తి సిద్ధాంతం చదివి మోటారు దగ్గరికి రాలేదు. పచ్చబొత్తాం నొక్కితే నీళ్లొస్తాయి, ఎర్రబొత్తాం నొక్కితే ఆగుతాయి, అక్కడే మొదలుపెట్టాడు. ఒకసారి మోటారు మూలిగి కాలిపోయింది. వైండింగ్ చేయించటానికి తీసుకుపోయినప్పుడు మెకానిక్కు దగ్గర కూర్చుని, మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగతా రెంటి మీద భారం పడి తీగ కాలుతుందని తెలుసుకున్నాడు. అప్పటినుంచి స్టార్టరు నొక్కగానే ఒక్క క్షణం చెవి పెట్టి వింటాడు. మూలిగితే వెంటనే ఆపేస్తాడు. బొత్తాం ఒక్కటే తెలిసినవాడు ఏటా మోటారు కాల్చుకుంటాడు. సిద్ధాంతం ఒక్కటే తెలిసినవాడు స్టార్టరు ముందు నిలబడి మూలుగు వినపడినా గుర్తుపట్టడు.

నా అభిప్రాయం కూడా ఇదే. మొదలు పైనుంచే పెట్టాలి. విద్యార్థికి అక్కరకొచ్చే పని, తన ఇంట్లోదో వూళ్లోదో లెక్క, అదే మొదటి పాఠం కావాలి. కాని అక్కడ ఆగకూడదు. పని చెడిన ప్రతిచోటా ఒక మెట్టు కిందికి దిగి చూడటం పాఠంలో భాగం కావాలి. మనం నిలబడ్డ అంతస్తుకు కింది అంతస్తు ఎప్పుడూ తెలిసివుండాలి. మూడేళ్ల చదువులో కనీసం ఒక్కసారయినా అట్టడుగుదాకా దిగి తిరిగి పైకి రావాలి.

ఇందుకు కొత్త భవనాలూ కొత్త యంత్రాలూ అక్కర్లేదు. మన ప్రయోగశాలలో ఒక్క పూట చాలు. 0.1ని పదిసార్లు కూడి, అది ఒకటికి సమానమా అని యంత్రాన్ని అడగమనండి. కాదంటుంది. 0.9999999999999999 అని చూపిస్తుంది. ఎందుకని విద్యార్థి తనంతట తాను అడుగుతాడు. సంఖ్యామానాల పాఠం అప్పుడు చెప్పండి. నాలుగు చుక్కలు పెట్టి వదిలెయ్యడు. ప్రశ్నపత్రంలో కూడా "ఈ భిన్నాన్ని మార్చుము" అనే బదులు "ఈ ప్రోగ్రాములో పైసా ఎక్కడ పోయింది?" అని అడిగితే బాగుంటుందని అధ్యాపకులకు మనవి.

"ఇప్పుడు అడిగితే కృత్రిమ మేధే ప్రోగ్రాము రాసిపెడుతుంది, ఇదంతా ఎందుకు?" అని నా మిత్రుడొకడు అన్నాడు. అది రాసిపెట్టనీ. రాసిపెట్టిన ప్రోగ్రాము తప్పని చెప్పటానికి మామ్మ లాంటి మనిషి వచ్చి నిలబడినప్పుడు, జవాబు చెప్పవలసింది యంత్రం కాదు, మనం. బొత్తాలు నొక్కే పని యంత్రమే చేసేటప్పుడు, కింది మెట్టు తెలిసినవాడికే విలువ వుంటుంది. పల్లెటూళ్ల నుంచి వచ్చిన మా వంటి వాళ్లకు బొత్తాల చదువు మాత్రమే ఇచ్చి పంపితే, రేపు ముందుగా పనిలేకుండా పోయేది మేమే.

రూపాయి కథ ముగిస్తాను. మందు చాలా చిన్నది. రూపాయలను భిన్నాలుగా దాచటం మానేసి, మొదటినుంచీ పైసలను పూర్ణసంఖ్యలుగానే రాసుకునేలా మార్చాను. పావలా, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లటం మానేసినా, లెక్కలో పైసా బతికే వుంది. దాన్ని ముక్కలు చెయ్యకపోతే చాలు. అన్నయ్య వెంటనే ఒప్పుకోలేదు. రెండు చీటీల కాలం, అంటే నెలరోజులు, పుస్తకమూ కంప్యూటరూ పక్కపక్కన నడిపించాడు. రెండూ పైసాతో సహా కలిశాకే పుస్తకం కట్టిపెట్టాడు.

మామ్మ మనవరాలు మాత్రం ఇప్పటికీ నోటుపుస్తకంలో రాస్తూనే వుంది. మానొద్దనే నేనూ చెప్పాను.